అమ్మేది ఎవరికో తేలకుండా కమర్షియల్ బిట్టుకి అడ్వాన్సు ఇవ్వొద్దు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. గాజువాకలో ఉంటాం, పరవాడ ఫార్మాసిటీలో ఉద్యోగం. మా పెద్దమ్మగారబ్బాయి రెండేళ్లుగా స్థలాలు కొని అమ్ముతున్నాడు. మొన్నామధ్య కొత్తవలస దగ్గర లేఅవుట్‌లో ఒక ప్లాటు మీద ఆరు లక్షలు మిగిల్చాడు. అది చూసి నాకూ ఆశ పుట్టింది. ఆనందపురం వైపు బైపాస్ సర్వీసు రోడ్డు దగ్గర 300 గజాల ఖాళీ బిట్టు ఉందని ఒక బ్రోకర్ చూపించాడు. గజం 25 వేలు, మొత్తం 75 లక్షలు. అది కమర్షియల్ అని, నాలా రుసుము కూడా కట్టేశారని చెబుతున్నాడు. అమ్మేవాళ్లు ముగ్గురు అన్నదమ్ములు. 15 లక్షలు అడ్వాన్సు ఇచ్చి నాలుగు నెలల గడువుతో అగ్రిమెంట్ రాసుకుంటే చాలట. తర్లువాడలో గూగుల్ వస్తోంది కాబట్టి గడువు తీరేలోపే గజం 32 వేలకి వేరే పార్టీకి తిప్పేయొచ్చట. నా దగ్గర ఫిక్స్‌డ్ డిపాజిట్ 11 లక్షలు ఉంది. మిగతా నాలుగు లక్షలకి బంగారం పెట్టాలి. మా ఆవిడ ఒప్పుకుంది గానీ వాళ్ల నాన్నగారికి మాత్రం చెప్పొద్దంది. మిగతా 60 లక్షలు నేను తేలేను. వాటి అవసరమే రాదంటున్నాడు బ్రోకర్. దిగమంటారా? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సూటిగా చెప్పేస్తాను. ఈ బిట్టుకి, ఈ షరతుల మీద 15 లక్షలు ఇవ్వకండి. స్థలాల వ్యాపారం చెడ్డదని కాదు. విశాఖలో దీని మీద పిల్లల్ని చదివించుకున్నవాళ్లు, ఇళ్లు కట్టుకున్నవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. కానీ మీ ముందు పెట్టిన ఈ బేరంలో మీరు కొంటున్నది నాలుగు నెలల గడువు మాత్రమే. ఆ నాలుగు నెలల్లో మరో కొనుగోలుదారు దొరికితే మార్జిన్ మీది. దొరకకపోతే ఒక్కసారిగా 60 లక్షలు తేవాలి, లేదా అడ్వాన్సు మీద ఆశ వదులుకోవాలి. ‘అవసరమే రాదు’ అన్న మాటకి పూచీ ఎవరు? బ్రోకర్‌ని ఆ మాట అగ్రిమెంట్‌లో రాయించమనండి, ఏమంటాడో చూడండి.

మీ అన్నయ్యకి వచ్చిన ఆరు లక్షలు నిజమే అయ్యుంటాయి. కానీ ఆయన అమ్మింది లేఅవుట్‌లో ఇంటి స్థలం. అలాంటి ప్లాటుని టీచరూ కొంటారు, స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైనాయనా కొంటారు, కూతురి పేరున పెట్టాలనుకునే తండ్రీ కొంటాడు. దానికి బ్యాంకు లోన్ కూడా తేలిగ్గానే వస్తుంది. కమర్షియల్ బిట్టు సంగతి వేరు. దాన్ని కొనేవాడు అక్కడ ఏదో ఒకటి నడపాలి. షోరూమా, గోడౌనా, టైర్ల షాపా, క్లినిక్కా, కింద షాపులు పెట్టి పైన అద్దెకిచ్చే బిల్డింగా? 300 గజాలంటే 2,700 చదరపు అడుగులు. పెట్రోలు బంకుకి చాలదు. కల్యాణ మండపం మాట ఎత్తక్కర్లేదు. లారీలు తిరిగే గోడౌన్‌కీ ఇరుకే. ఇక మిగిలింది చిన్న బిల్డింగ్ కట్టుకునే వ్యాపారి. అలాంటివాళ్లు ఆ రోడ్డు మీద ఈ ఏడాది ఎంతమంది కొన్నారు, ఎక్కడ కట్టారు, కింద షాపులకి ఎంత అద్దె వస్తోంది? బైక్ వేసుకుని ఆదివారం పొద్దున్న వెళ్లి ఆ సర్వీసు రోడ్డు పొడవునా చూసి రండి. ‘టు లెట్’ బోర్డులు ఎన్ని వేలాడుతున్నాయో లెక్కపెట్టండి. కట్టిన షాపులే ఖాళీగా ఉన్నచోట ఖాళీ స్థలం నాలుగు నెలల్లో చేతులు మారుతుందంటే నేను నమ్మను.

ఇక అది ‘కమర్షియల్’ అని ఎవరన్నారు? రోడ్డు పక్కనుంటే కమర్షియల్ అనేయడం మనవాళ్లకి అలవాటు. ఆ మాట చెప్పాల్సింది విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) మాస్టర్‌ప్లాన్. సర్వే నంబరు, సబ్‌డివిజన్ నంబరు ఇచ్చి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేస్తే 2041 ప్లాన్ ప్రకారం ఆ ముక్క నివాసమా, వాణిజ్యమా, వ్యవసాయమా, లేక ప్రతిపాదిత రోడ్డు కింద పోయేదా కాగితం మీద తెలుస్తుంది. బ్రోకర్ ఫోన్‌లో మ్యాప్ తెరిచి వేలితో చూపించినది లెక్కలోకి రాదు. ఆ వేలి వెడల్పులోనే పక్కవాళ్ల స్థలం కూడా ఉంటుంది.

నాలా కట్టామన్న మాట కూడా చాలామందిని పడేస్తుంది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చినందుకు రెవెన్యూకి కట్టిన రుసుము అది. దానితో ఆ స్థలానికి కమర్షియల్ హోదా రాదు, బిల్డింగ్ ప్లాన్ హక్కూ రాదు. పైగా 2006 నాటి ఆ చట్టాన్నే రద్దు చేయాలని రాష్ట్ర మంత్రివర్గం 2025లో నిర్ణయించింది. కాబట్టి పాత రసీదు చూపించి గజానికి రెండు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

రోడ్డు సంగతి మీరు స్వయంగా చూడాలి. అమ్మేవాళ్ల దస్తావేజు జిరాక్స్ తెప్పించుకుని చివర్లో ఉండే హద్దులు చదవండి. ‘తూర్పు: సర్వీసు రోడ్డు’ అనో ‘పంచాయతీ రోడ్డు’ అనో ఉంటే ఒక రకం. ‘తూర్పు: అమ్మకందార్ల తాలూకు మిగులు భూమి’ అని ఉంటే మాత్రం ఆగండి. మీ బిట్టుకీ రోడ్డుకీ మధ్య ఇంకా వాళ్ల భూమి ఉందన్నమాట. అది నాలుగడుగుల పట్టీ అయినా సరే, రేపు దాని రేటు వాళ్లిష్టం. మీ దగ్గర కొనేవాడు మొదట అడిగేది కూడా అదే. రోడ్డు ఎదురుగా ఉన్నా జాతీయ రహదారి పక్కన దారి పెట్టుకోవడానికి రహదారి సంస్థ అనుమతి కావాలి. అనకాపల్లి, ఆనందపురం మధ్య సుమారు 51 కిలోమీటర్ల ఆరు లేన్ల రోడ్డు మీద బళ్లు దూసుకుపోతాయి, ఆగవు. సర్వీసు రోడ్డు మీదకి దిగే చోటు మీ బిట్టుకి ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టే షాపుకి గిరాకీ. కిలోమీటరు ముందుకెళ్లి యూ టర్న్ తీసుకుని రావాల్సిన చోట టిఫిన్ సెంటర్ కూడా కష్టమే.

అలాగే సర్వే నంబరు కొలతలు, హద్దులు గీసి ఉండే ఎఫ్‌ఎంబీ స్కెచ్ తీసుకుని ఒక లైసెన్స్‌డ్ సర్వేయర్‌తో స్థలం మీద నిలబడి కొలిపించండి. ఆ వైపు కొండల నుంచి దిగే గెడ్డలు (వాగులు) చాలా ఉన్నాయి. ఎండాకాలంలో తుప్పలు పెరిగి, మట్టి తోలి చదును చేస్తే అక్కడ గెడ్డ ఉందని ఎవరికీ తట్టదు. స్కెచ్‌లో మాత్రం గీత అలాగే ఉంటుంది. 300 గజాల్లో 40 గజాలు గెడ్డ పోరంబోకు అని తేలితే మీకు పోయేది 40 గజాల డబ్బే కాదు, మిగతా 260 గజాలకీ ప్లాన్ దగ్గర పేచీ వస్తుంది. మంచి వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లి నీళ్లు ఎటు నిలిచాయో చూడండి.

టైటిల్ విషయంలో విశాఖ చుట్టుపక్కల ఉన్నన్ని చిక్కులు రాష్ట్రంలో తక్కువ చోట్లే ఉంటాయి. 2017లో ఇక్కడి భూముల వ్యవహారం మీద ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేయాల్సి వచ్చింది. మన ప్రాంతంలో చాలా ఊళ్లు ఒకప్పుడు జమీందారీ ఎస్టేట్లు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంట్ రికార్డులో ఆ భూమిని ఏమని రాశారన్నదే మొదటి ప్రశ్న. రైతు సొంత పట్టా ఉన్న జిరాయితీయా, దానంగా ఇచ్చిన ఇనామా, ప్రభుత్వ బంజరా? మీ వకీలుని ఆ సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌ఎఫ్‌ఏ) నకలు తెప్పించమనండి. రెవెన్యూ వెబ్‌సైట్ మీభూమిలో ఇప్పటి భూమి రికార్డులు 1-బి, అడంగల్ మాత్రమే చూసి సంతోషపడితే చాలదు. ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి-పట్టా భూములు 1977 చట్టం ప్రకారం అమ్మకానికి పనికిరావు. ఇరవై ఏళ్లు దాటినవాటికి అమ్ముకునే పూర్తి హక్కులిస్తూ (ఫ్రీహోల్డ్) 2023లో చట్టం సవరించారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. ‘ఫ్రీహోల్డ్ అయిపోయింది సార్’ అన్న మాట వినపడితే లేచి వచ్చేయండి.

రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22-ఏ జాబితా చూడమని అందరూ చెబుతారు, చూడండి. కానీ ఒక మెలిక ఉంది. కొన్నిచోట్ల గొడవ ఒక సబ్‌డివిజన్ మీదే అయినా సర్వే నంబరు మొత్తాన్నీ జాబితాలో పెట్టేస్తారు. ఇవాళ లేనిది రేపు చేరడమూ ఉంది. సింహాచలం దేవస్థానంతో భూమి వివాదం ఉన్న పంచగ్రామాల సంగతి మీకు తెలిసిందే. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం. అక్కడ ఇళ్లు కట్టుకుని దశాబ్దాలుగా ఉంటున్నవాళ్లే అమ్ముకోవడానికి అవస్థ పడుతున్నారు. మీరు చూసిన బిట్టు ఆ ఊళ్లలో లేకపోవచ్చు. అయినా రేపు ఇదే బ్రోకర్ ‘వేపగుంటలో చవగ్గా వచ్చింది’ అని ఇంకోటి పట్టుకొస్తాడు కాబట్టి చెబుతున్నాను.

అమ్మేవాళ్లు ముగ్గురు అన్నదమ్ములన్నారు. అక్కచెల్లెళ్లు ఎంతమందని అడిగారా? మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి వాటా 1985 సెప్టెంబర్ నుంచే ఉంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన కేంద్ర సవరణ దాన్ని విస్తరించింది. కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతేమీ లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. పెళ్లై ఒడిశాలోనో అమెరికాలోనో ఉన్న ఆడపడుచు సంతకం లేకుండా మీరు కొంటే, రేపు మీ దగ్గర కొనేవాడి బ్యాంకు వకీలు మొదట పట్టుకునేది దాన్నే. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి. ‘మా చెల్లి ఏమీ అనదండి’ అని అన్నదమ్ములు అంటారు. ఏమీ అననావిడ వచ్చి సంతకం పెట్టడానికి ఏం కష్టం?

గూగుల్ సంగతికొద్దాం. 2025 అక్టోబర్‌లో ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి చిన్న విషయం కాదు. తర్లువాడ ఆనందపురం మండలంలోనే ఉందన్నదీ నిజమే. కానీ అక్కడ వచ్చేది డేటా సెంటర్. సర్వర్లు, కరెంటు లైన్లు, చల్లబరచడానికి నీళ్లు. ఐటీ ఆఫీసైతే మధ్యాహ్నం వేలమంది బిర్యానీకి బయటికొస్తారు, సాయంత్రం పక్కనే పీజీ హాస్టళ్లు వెలుస్తాయి. డేటా సెంటర్‌కి కట్టేటప్పుడు కూలీల సందడి ఉంటుంది, కట్టాక లోపల ఉండే మనుషులు తక్కువ. దాన్ని నమ్ముకుని 300 గజాల షాపు స్థలానికి గజం 32 వేలు ఎవరు పెడతారో నాకు బోధపడలేదు.

ప్రకటనకీ పనికీ మధ్య ఎంత దూరం ఉంటుందో భోగాపురం విమానాశ్రయం చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో మరో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. మొదటి శంకుస్థాపన వార్త చదివి చుట్టుపక్కల స్థలం కొన్నవాళ్లు చేతిలో డబ్బుంటే ఆగగలిగారు. వడ్డీకి తెచ్చినవాళ్లు మధ్యలోనే అమ్ముకున్నారు. 2019 డిసెంబర్‌లో విశాఖ పరిపాలన రాజధాని అవుతుందన్న మాట వచ్చినప్పుడూ ఇదే తంతు. వార్తలు నిజమైనా వాటి తేదీలు మన చేతిలో ఉండవు, గడువు మాత్రం అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 32 వేలు పక్కన పెట్టి, గజం 28 వేలకి అమ్ముడుపోయిందనుకుందాం. అదే మంచి ధర అనుకోండి. మొత్తం 84 లక్షలు, పైకి కనిపించే లాభం 9 లక్షలు. గడువులో పార్టీ దొరక్క మీరే రిజిస్ట్రేషన్ చేయించుకోవాల్సి వస్తే స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 5,62,500. బ్రోకర్‌కి కొన్నప్పుడు ఒక శాతం, అమ్మినప్పుడు ఒక శాతం వేసుకున్నా 75 వేలు, 84 వేలు. వకీలు, సర్వే, ఫెన్సింగ్, ఖాళీ స్థలం పన్ను అన్నీ కలిపి యాభై వేలనుకుందాం. తొమ్మిది లక్షల్లో ఇవన్నీ పోగా మిగిలేది 1,28,500. ఆ 60 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 1,20,000. అంటే మీ లాభం ఒక నెల వడ్డీకి సరిపోతుంది. రెండో నెల నుంచి జీతంలోంచి కట్టాలి. అదీ కొనేవాడు వెంటనే దొరికితే. బ్యాంకులు ఖాళీ కమర్షియల్ స్థలానికి ఇంటి లోన్‌లాగా ఇవ్వవు కాబట్టి ‘బ్యాంకులో చూసుకుందాం’ అన్న ధైర్యం కూడా పెట్టుకోకండి.

పన్ను సంగతి క్లుప్తంగా చెబుతాను. 24 నెలలు దాటకుండా అమ్మితే లాభం మీ జీతంతో కలిసి మీ శ్లాబులోనే పడుతుంది. దాటితే 12.5 శాతం. వరుసగా కొని అమ్ముతుంటే దాన్ని వ్యాపార ఆదాయం అనే వీలూ ఉంది. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొన్నవాళ్లే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం పన్ను (టీడీఎస్) పట్టి కట్టాలి. మీ 75 లక్షలకి అది 75 వేలు. అమ్మేవాళ్లలో ఒకరు అమెరికాలో ఉంటే ఆ వాటాకి ఈ 1 శాతం లెక్క చెల్లదు, చాలా ఎక్కువ పట్టాలి. ఆడిటర్‌ని అడగకుండా ముందుకెళ్లొద్దు.

బ్రోకర్ ఇంకా చెప్పి ఉండడు గానీ చెబుతాడు: ‘డాక్యుమెంట్‌లో 40 చూపిద్దాం, మిగతా 35 క్యాష్’. వినడానికి రిజిస్ట్రేషన్ ఖర్చు మిగిలినట్టే ఉంటుంది. రేపు మీ దగ్గర కొనేవాడు బ్యాంకు లోన్‌తో వస్తే 84 లక్షలూ వైట్‌లో ఇస్తానంటాడు. కాగితం మీద మీరు కొన్నది 40కే కదా. లేని లాభానికి పన్ను కట్టాలి. స్థలం అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదు పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా పడొచ్చు. మీ పేరున రిజిస్ట్రేషన్ లేకుండా అగ్రిమెంట్ మీదే తిప్పేస్తే మీ మార్జిన్ చేతికి వచ్చేది కూడా చాలాసార్లు ఇలా నగదుగానే. అప్పుడు పుచ్చుకున్నది మీరే అవుతారు.

మరి ఈ రంగంలో నిలబడినవాళ్లు ఎలా సంపాదించారు? నేను గమనించినంతలో, ధర పెరుగుతుందని చేతులు కట్టుకుని కూర్చున్నవాళ్లకంటే స్థలం మీద పని చేసినవాళ్లకే ఎక్కువ మిగిలింది. రెవెన్యూ రికార్డులో పేరు మారని (మ్యుటేషన్ కాని) స్థలం కొని మ్యుటేషన్ చేయించడం, విడిపోయిన వారసుల్ని వెతికి సంతకాలు తెచ్చుకోవడం, పక్క రైతుతో మాట్లాడి ఆరడుగులు కొని దారి వెడల్పు చేయడం, సరిహద్దు రాళ్లు వేయించి ల్యాండ్ యూజ్ కాగితం చేతిలో పట్టుకుని అమ్మడం. మురికి పట్టిన ఇత్తడి చెంబుని చింతపండుతో తోమి అమ్మినట్టు. అందుకు తీరిక కావాలి, ఎమ్మార్వో ఆఫీసులో కూర్చునే ఓపిక కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా వడ్డీ తరుముకురాని డబ్బు కావాలి. షిఫ్టు డ్యూటీ చేస్తూ, బంగారం తాకట్టు పెట్టి ఈ పని కుదరదు.

ఇంత చెప్పినా మనసు ఆ బిట్టు మీదే ఉంటే, ఇచ్చే అడ్వాన్సు రెండు మూడు లక్షలు దాటనివ్వకండి, అది పోయినా ఇల్లు నడుస్తుంది. ఇచ్చేది ఆన్‌లైన్‌లోనో చెక్కుగానో ఇవ్వండి. అగ్రిమెంట్‌ని రిజిస్టర్ చేయించండి. మన రాష్ట్రంలో అమ్మకం అగ్రిమెంట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పైగా అది ఆ స్థలం లావాదేవీల పత్రం ఈసీలో కనపడితే వాళ్లు మీ వెనకాల ఇంకొకరికి అమ్మడం కష్టమవుతుంది. తెల్లకాగితం మీదో వంద రూపాయల స్టాంపు మీదో రాసుకుని ‘నమ్మకం’ అంటే కుదరదు. అందులో ‘కొనుగోలుదారు పేరున లేదా వారు సూచించిన వ్యక్తి పేరున’ రిజిస్ట్రేషన్ చేస్తామన్న మాట ఉండాలి. ఆ మాట లేకపోతే గడువులోపు పార్టీ దొరికినా వాళ్లు మెలిక పెట్టొచ్చు. గడువు అగ్రిమెంట్ రాసిన రోజు నుంచి కాకుండా, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు, ఈసీ, సర్వే రిపోర్టు అన్నీ మీ చేతికి వచ్చిన రోజు నుంచి మొదలవ్వాలి. కొలతలో తగ్గితే తగ్గిన గజాలకి ధర తగ్గాలి. టైటిల్‌లో లోపం తేలితే అడ్వాన్సు ఇన్ని రోజుల్లో తిరిగివ్వాలని తేదీతో రాయించండి. వారసులందరూ సంతకం పెట్టాలి. అన్నిటికంటే ముందు, ఏదైనా బ్యాంకు ప్యానెల్‌లో ఉన్న వకీలు దగ్గరకి కాగితాలు పట్టుకెళ్లి ‘మీ బ్యాంకుకి ఇది పనికొస్తుందా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. ఆయన కాదంటే ఆ స్థలాన్ని రేపు మొత్తం నగదు పెట్టగలవాడికే అమ్మగలరు. అలాంటివాళ్లు బేరం ఎలా ఆడతారో మీకు వేరే చెప్పాలా?

నన్నడిగితే ఆ 11 లక్షలు కదపకుండా ఆరేడు నెలలు ఒక్క రోడ్డునే పట్టుకుని చదవండి. మీకు గాజువాక, కూర్మన్నపాలెం, అచ్యుతాపురం దారి రోజూ తెలిసిందే కదా, ఆనందపురం ఎందుకు? అచ్యుతాపురం వైపు సెజ్ ఉంది, షిఫ్టులు మారే టైముకి రోడ్డు మీద ఎంతమంది దిగుతారో మీ కళ్లతో చూస్తున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఆ ఊళ్ల మార్కెట్ విలువ చూసుకోండి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈమధ్య అమ్ముడైనవాటి నకళ్లు తీయించండి, ఖాళీ షాపుల యజమానులతో టీ తాగుతూ అద్దెలు అడగండి. ఆ తర్వాత కొనాలనిపిస్తే మొదటిసారికి వీఎంఆర్‌డీఏ ఆమోదం, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ (రెరా) నంబరు ఉన్న లేఅవుట్‌లో చిన్న ఇంటి ప్లాటు చాలు. అది రెండేళ్లు అమ్ముడుపోకపోయినా మీ నిద్ర పోదు. కమర్షియలే కావాలంటే మీ అన్నయ్యతో కలిసి ఎవరు ఎంత పెట్టారో, ఎప్పుడు అమ్మాలో, ఒకరు తప్పుకుంటే ఏం చేయాలో రాసుకుని దిగండి. అన్నదమ్ముల మధ్య రాతకోతలేంటని మొహమాటపడకండి. ఇప్పుడు మీకు అమ్ముతున్న ముగ్గురూ అన్నదమ్ములే.

మావయ్యగారికి చెప్పొద్దన్న మాట గురించి ఒక్క ముక్క. ఆయన ఎలాంటివారో నాకు తెలియదు గానీ, కూతురి బంగారం తాకట్టుకి వెళుతోందని తెలిస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ‘మిగతా 60 లక్షలు ఎక్కడివి?’ అనే అయ్యుంటుంది. దానికి మీ దగ్గర జవాబు లేదు కాబట్టే చెప్పబుద్ధి కావడం లేదేమో ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోండి.

బ్రోకర్ ఈ వారం మళ్లీ ఫోన్ చేస్తాడు, ‘ఇంకో పార్టీ టోకెన్ ఇస్తానంటున్నారు’ అంటాడు. ఇచ్చుకోనివ్వండి. మీరు మాత్రం దస్తావేజు జిరాక్స్, 30 ఏళ్ల ఈసీ, ఎస్‌ఎఫ్‌ఏ నకలు, ఎఫ్‌ఎంబీ స్కెచ్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వాట్సాప్‌లో పెట్టమనండి. ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కి మీరే దరఖాస్తు చేసుకుంటానని చెప్పండి. అన్నీ వస్తే వకీలు దగ్గరకి వెళ్లండి. సర్వే నంబరు చెప్పడానికే వెనకాడితే ఆ బ్రోకర్ నంబరుకి మళ్లీ ఫోన్ చేయాల్సిన పని లేదు.